కోరుట్ల పిల్లకు పట్టని దయ్యం

నేను క్రీస్తు విశ్వాసంలోకి వచ్చిన మొదటి ఎనిమిదేళ్ళలో సొంతంగా ఒక్క తప్పు కూడా చేయలేదు. అన్నీ సాతానే చేయించాడు. ఆదివారం ఆరాధనకు ఆలస్యమైతే సాతాను నా స్కూటర్ టైరులో మేకు దించినట్టు. కూరలో ఉప్పెక్కువైందని నేను కంచం తోసేస్తే, మా ఇంటి శాంతి చెడగొట్టడానికి వాడు ఉప్పు డబ్బా పక్కన కాపు కాసినట్టు. ప్రార్థనలో కునుకు పడితే అది వాడు పంపిన నిద్రాత్మ.

జగిత్యాలలో రేకుల కప్పు కింద నడిచే చిన్న సంఘం మాది. దేవుడు చేసిన మేళ్ళు సాక్ష్యంగా చెప్పుకునే వేళ నేను లేచి ఇవన్నీ వివరంగా చెప్పేవాణ్ణి. మిగతావాళ్ళవి జ్వరం తగ్గిందనో, దుబాయి నుంచి కొడుకు ఫోన్ చేశాడనో రెండు ముక్కల్లో అయిపోయేవి. నా సాక్ష్యంలో మాత్రం ఒక విలన్ ఉండేవాడు. వెనక వరుసలో అల్లరి చేసే పిల్లలు కూడా నేను లేస్తే గమ్మున కూర్చునేవారు. అది చూసి కొంత గర్వపడేవాణ్ణి. ఆ గర్వాన్ని మాత్రం ఎందుకో నా సొంతమే అనుకునేవాణ్ణి.

మాది సిరిసిల్లలో నేతపని చేసుకునే ఇల్లు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. మా నాన్నకు నాలుగుండేవి. వాటి చప్పుడులో పెరిగాను కాబట్టి నాకు అరిచి మాట్లాడ్డమే తెలుసు. ఆ రోజుల్లో కూడా తప్పు నాది కాదు. దారం తెగితే దిష్టి, పరీక్ష పోతే శని. పెద్దయ్యాక ఆ దూది దుమ్ముకు దగ్గు పట్టుకుంటే పని మానేసి, జగిత్యాల వచ్చి కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాను. ఇక్కడే ఒకసారి కామెర్లతో మంచాన పడ్డాను. పక్కింటి ముసలమ్మ రోజూ జావ కాచి తెచ్చేది. నా తల మీద చెయ్యి పెట్టి మెల్లగా ప్రార్థన చేసి, గిన్నె కడుక్కుని వెళ్ళిపోయేది. లేచి తిరగడం మొదలుపెట్టాక, ఆ జావకు మర్యాదగా ఆమె వెంట ఒక్క ఆదివారం నేనూ నా భార్యా ప్రార్థన గుడికి వెళ్ళాం. నా భార్య ఏడ్చింది. ఆమెను చూసి నేనూ ఏడ్చాను. మళ్ళీ ఆదివారం కూడా వెళ్ళాం. అట్లా అక్కడే ఉండిపోయాం.

నా విశ్వాసం అబద్ధం కాదు. కానీ అది వచ్చాక నాలో మారింది చాలా కొంచెం. అంతకుముందు నా తప్పులు శని మోసేవాడు, తర్వాత సాతాను మోశాడు. మోయించేవాణ్ణి నేనే.

సిరిసిల్లలో మా చిన్నాన్న కొడుకు పెళ్ళయినప్పుడు నేను రెండు సీసాల కల్లు తాగాను. మానేశానని సంఘం ముందు ఒప్పుకున్న ఏడేళ్ళకు తాగాను. మర్నాడు తిరుగు బస్సులో వేములవాడ దాటేదాకా నా భార్య మాట్లాడలేదు. దాటాక అడిగింది.

"నిన్న తాగినవా?"

"నేను తాగలేదే. సాతాను తాగిపిచ్చిండు."

"సీస తెచ్చి నీ నోట్లె పోసిండా?"

"శోధన పెట్టిండు. ఆశ సూపిచ్చిండు."

"శోధన ఏడ పెట్టిండో గాడికి నువ్వే కుర్సీ ఏస్కోని కూసున్నవ్. నేను సూసిన. రెండో సీస నువ్వే అడిగి తీస్కున్నవ్."

అటు తిరిగి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఈమెను కూడా వాడు వాడుకుంటున్నాడే అని మనసులో ప్రార్థన చేసుకున్నాను.

ఆ ఆదివారం నా సాక్ష్యం బాగా పండింది. పెళ్ళి పందిట్లో సాతాను బంధువుల రూపంలో నన్ను ఎట్లా చుట్టుముట్టాడో చెప్పాను. కుర్చీ సంగతి చెప్పలేదు. ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను ఆపారు. పాస్టరును మేం అయ్యగారనే అంటాం. అరవై దాటిన మనిషి, వారమంతా తన పొలంలో పని చేసుకుంటూ ఆదివారం బైబిలు వాక్యం చెప్తారు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. దేవుడు ఏడేడ ఉంటడు?"

"అంతట ఉంటడు అయ్యగారు."

"సాతాను?"

నేను కొంచెం ఆలోచించి, "వాడు గూడ అంతటనే ఉంటడు గద," అన్నాను.

"ఉండడు. అంతట ఉండేది దేవుడు ఒక్కడే. సాతాను ఆయన చేసిన జీవే గదా. ఒక తాన ఉంటె ఇంకో తాన ఉండడు. ఇంత పెద్ద లోకంల అన్ని పనులు ఇడిశిపెట్టి, నీ స్కూటర్‌ల మేకు గుచ్చెతందుకు జగిత్యాల దాక వస్తడా?"

"ఆని దూతలుంటయి గద."

"ఉంటయి. గవి గూడ లెక్కకు మించి లేవు. నీ ఒక్కనికే గన్ని పెడితె మిగిలినోళ్ళకు సాలయి," అని నవ్వి నా భుజం తట్టి వెళ్ళారు.

నాకు చాలా కష్టంగా అనిపించింది. సాతాను నా కోసం ప్రత్యేకంగా రావడం లేదంటే నేనెవరిని? దారిన పోయే మామూలు మనిషినా? అయ్యగారు మంచివారే గానీ సాతానుతో చేసే ఆత్మీయ యుద్ధం సంగతి ఆయనకు అంతగా తెలియదని తీర్మానించుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకే కోరుట్ల నుంచి ఒకామె నా దుకాణానికి మిషన్ తెచ్చింది. మా సంఘంలో ఒకామెకు చెల్లెలు. బీడీలు చుడుతుంది, జాకెట్లు కుడుతుంది. భర్త గల్ఫ్‌లో ఉంటాడు. ఇంట్లో పదో తరగతి చదివే బిడ్డ, ముసలి అత్త. నేను మిషన్ విప్పి దారం ఎక్కడ చుట్టుకుందో వెతుకుతుంటే ఆమె మెల్లగా అడిగింది.

"అన్నా, మీరు ప్రార్థన మస్తు చేస్తరని మా అక్క చెప్పింది. నా బిడ్డకు ఏమైందో సమజైతలేదు. మూడుసార్లు పిలిస్తె పలుకది. అందరు నవ్వినంక తను నవ్వుతది. ఇస్కూల్ల సారు ఒకటడిగితె ఇంకోటి చెప్తదట. మార్కులు పడిపోయినయి. ఎవ్వలతోని కలువది."

ఆమె మాట పూర్తి కాకముందే నాకు అర్థమైపోయింది. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చెప్పాను. "మూగదయ్యం చెల్లే. వాక్యంల ఉన్నది."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా మిషన్లు బాగుచేస్తున్నాను. ఏ మిషన్‌కూ దయ్యం పట్టిందని ఎవరికీ చెప్పలేదు. కుట్టు తప్పితే మూత తీస్తాను, బాబిన్ చూస్తాను, సూది వంగిందేమో చూస్తాను. ఆ రోజు కూడా ఆమె మిషన్‌ను గంటసేపు విప్పి చూసి గాని రోగం చెప్పలేదు. ఆమె బిడ్డకు మాత్రం ముఖమైనా చూడకుండా చెప్పేశాను.

బుధవారం పొద్దున ప్రార్థన నూనె సీసా సంచిలో పెట్టుకుని కోరుట్ల బస్సెక్కాను. అయ్యగారికి చెప్పలేదు. వాళ్ళింట్లో వాడకట్టు ఆడవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. బీడీ చాటలు గోడకు చేర్చి, కొంగు కప్పుకుని కూర్చున్నారు. మధ్యలో చాప మీద ఆ పిల్ల. బక్కపలచని పిల్ల, రెండు జడలు. నేను ఆమె తల మీద నూనె పోసి, ఎదురుగా నిలబడి, సాంచాల మధ్య పెరిగిన గొంతుతో మొదలుపెట్టాను. నీ పేరేంది అని దయ్యాన్ని అడిగాను. పో అన్నాను. ఇల్లు విడిచిపెట్టు అన్నాను. అరగంటయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆ పిల్ల కదల్లేదు, ఏడవలేదు, తల దించలేదు. రెప్ప వేయకుండా నా నోటివైపే చూస్తూ కూర్చుంది.

అన్నేళ్ళలో నా వైపు అంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరు. దయ్యం నన్ను ఎదిరించి చూస్తోందనుకున్నాను. అందరితో అదే చెప్పాను. "ఇది మొండిది. ఉపవాసంతోని గాని పోదు. పిల్లను మూడు దినాలు ఉపాసముంచుర్రి. గా మూడు దినాలు ఇస్కూలుకు పంపకుర్రి."

మూల కూర్చున్న ముసలామె, పిల్ల నాయనమ్మ, అడిగింది, "పిల్లకు పచ్చి మంచినీళ్ళన్న పొయ్యచ్చునా అయ్యా?"

"నీళ్ళు పొయ్యచ్చు," అని దయతలిచాను.

ఆదివారం లేచి కోరుట్ల యుద్ధమంతా చెప్పాను. చూపు సంగతి మరీ గట్టిగా చెప్పాను. అది నా జీవితంలోనే మంచి సాక్ష్యం. ముగిశాక అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, నా దగ్గరికి వచ్చారు. ఆమె ఎక్కువ మాట్లాడరు.

"అన్నా, ఆ పొల్ల మీ కండ్లల్లకు సూసిందా, నోటి దిక్కు సూసిందా?"

"నోటి దిక్కే అమ్మగారు. రెప్ప గూడ కొట్టలేదు."

"మా అమ్మ గూడ గట్లనే సూస్తుండె. చెవులు పోయినంక."

అమ్మగారు ఆ మాట అనగానే నాకు మా నాన్న ముఖం గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళు సాంచాల హోరులో పనిచేసి ఆయనకు చివరికి ఏదీ సరిగా వినబడేది కాదు. ఎవరైనా మాట్లాడితే నోటివైపే చూసేవాడు. అందరూ నవ్వాక నవ్వేవాడు. అట్లాంటి మనుషుల మధ్య పెరిగి కూడా నేను చెవిటితనాన్ని గుర్తుపట్టలేదు. దయ్యాన్ని మాత్రం బస్సెక్కకముందే గుర్తుపట్టాను.

మర్నాడే అయ్యగారు, అమ్మగారు, నేను కోరుట్ల వెళ్ళాం. పిల్ల అరుగు మీద కూర్చుని వాళ్ళమ్మకు బీడీ ఆకు కత్తిరించి ఇస్తోంది. అమ్మగారు చప్పుడు చేయకుండా ఆమె వెనక్కి వెళ్ళి, స్టీలు గ్లాసు బండ మీద వదిలేశారు. మేమందరం ఉలిక్కిపడ్డాం. ఆ పిల్ల ఆకు కత్తిరిస్తూనే ఉంది. అమ్మగారు పేరు పెట్టి పిలిచారు, రెండుసార్లు పిలిచారు. తర్వాత ముందుకు వచ్చి, ఆమె గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, మెల్లగా, "ఇనవడ్తలేదా బిడ్డా?" అన్నారు. పిల్ల అమ్మగారి పెదాలు చూసి, తల అడ్డంగా ఊపింది.

వాళ్ళమ్మ చేతిలో చాట కింద పెట్టేసింది. "మరెందుకు చెప్పలేదే నాకు?"

అది కూడా పిల్లకు వినబడలేదు. వాళ్ళమ్మ దగ్గరికొచ్చి మళ్ళీ అడిగితే చెప్పింది. "అందరికి గింతనే ఇనవడ్తదనుకున్న."

తలవంచుకుని నిలబడ్డాను. ఉపవాసం సంగతి నేను అడగకముందే ముసలామె తనే చెప్పింది.

"ఒక్క దినం సూసిన. రెండో దినం పొల్ల కండ్లు తిరిగి గోడ పట్టుకున్నది. గప్పుడు నేనే బువ్వ పెట్టిన. నీకు కోపమస్తె రానీ అయ్యా. దయ్యానికి పెట్టలేదు నేను, నా మనుమరాలికి పెట్టుకున్న."

ఆ మధ్యాహ్నమే వాళ్ళను జగిత్యాలలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకువచ్చాం. చిన్నప్పటి నుంచి చీము కారి కారి రెండు చెవుల్లోనూ పొరకు రంధ్రాలు పడ్డాయన్నాడు. ఇన్నాళ్ళూ ఏం చేశారని అడిగాడు. చీము కారినప్పుడల్లా నూనె పోశామని వాళ్ళమ్మ చెప్పింది. నేను పోసిన నూనె తల మీదే గానీ, డాక్టరు చేతిలో టార్చిలైటు చూస్తూ, సీసా ఉన్న నా సంచిని కొంచెం వెనక్కి నెట్టుకున్నాను.

వాళ్ళను బస్సెక్కించాక అయ్యగారు, నేను బస్టాండులో టీ తాగాం. ఆయన తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. చివరికి నేనే మొదలుపెట్టాను.

"సాతాను నన్ను మస్తు మోసం చేసిండు అయ్యగారు."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టారు. "తమ్మీ, వాక్యంల పందుల ముచ్చట యాదికున్నదా?"

"ఉన్నది. దయ్యాలు ఆ మనిషిని ఇడిశి పందులల్లకు పోయినయి."

"ఎట్ల పోయినయి? మమ్మల్ని గా పందులల్లకు పోనియ్యి అని ప్రభువును బతిలాడితె పోయినయి. అంత పెద్ద దండు, పందులల్లకు పోవాల్నన్నా ఆయన సెలవు కావాలె. సర్వం పోగొట్టుకున్న ఆ నీతిమంతుని కథల గూడ అంతే. ఇంతదాక ముట్టు, ఇగ ఇక్కడికెళ్ళి ముట్టకు అని దేవుడు గీత గీసిండు. వాడు గీత దాటలేదు. దాటలేడు. గంతే వాని అధికారం."

"మరి వాడు చేసేదేంది?"

"అంటడు. చెవుల అంటడు. అనుడు వాని పని. చేసుడు నీ పని. వానికి నీ కాలు పట్టి బస్సెక్కిచ్చే శక్తి లేదు. నీ నోరు తెరిచే శక్తి లేదు. గా పొల్లకు అన్నం పెట్టకుర్రి అన్నది ఏ నోరు?"

నేను లేచి టీ డబ్బులిచ్చి వచ్చాను.

"నువ్వు దేవున్ని నమ్మినవ్ గాని," అన్నారాయన, మెల్లగానే, "ఇన్నేండ్లు ఎక్కువ మహిమ వానికే ఇచ్చినవ్. వానికున్న అధికారం కన్నా నువ్విచ్చిందే ఎక్కువ."

ఇంటికి వెళ్ళి నా భార్యతో అంతా చెప్పాను. ఆమె చపాతీలు చేస్తూ విన్నది. "మిషన్ కరాబైతె మూత తీసి సూస్తవ్. మనిషి కరాబైతె సూడనన్న సూడవ్," అని మాత్రం అన్నది. రాత్రి అన్నం ముందు ప్రార్థన ఎప్పుడూ నేనే చేస్తాను. ఆ రోజు ఆమె చేసింది.

శనివారం ఒక్కణ్ణే కోరుట్ల వెళ్ళాను. క్షమాపణ ఎట్లా అడగాలో బస్సులో నాలుగు రకాలుగా అనుకున్నాను. ఆమె తలుపు తీయగానే అనుకున్నవన్నీ పోయి పాతదే వచ్చింది. "చెల్లే, సాతాను నన్ను," అని ఆగిపోయాను. ఆ మాట చివరికి నన్ను ఎక్కడికి తీసుకుపోతుందో నాకు బాగా తెలుసు. ఎనిమిదేళ్ళుగా అదే దారి. గుమ్మంలో నిలబడి మళ్ళీ మొదలుపెట్టాను.

"నేను తప్పు చేసిన చెల్లే. నీ బిడ్డను సూడకుంటనే దయ్యమన్న. ఉపాసముంచిన. నాకు తెలువదు అని చెప్పుకునేటందుకు నామోషై గట్ల చేసిన."

ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు. పోనీలే అన్నా అని కూడా అనలేదు. "మీరు నాకు చెప్తె ఏమస్తది? వాడకట్టు మొత్తం నా బిడ్డను దయ్యం పట్టిన పొల్ల అంటున్నరు. పక్కింటోళ్ళు వాళ్ళ పిల్లలను మా ఇంటికి రానిస్తలేరు. గా దినం మీరు చెప్పిందే గదా ఇన్నది అందరు. పోయి వాళ్ళకు చెప్పుర్రి."

"అందరికా?"

"గా దినం అందరి ముందలనే గదా ఒర్రినరు."

ముసలామె చెప్పులేసుకుని నా వెంట వచ్చింది. నేను ఏ ఇల్లూ తప్పించకుండా చూడ్డానికే వచ్చిందని తర్వాత తెలిసింది. ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఒకటే మాట చెప్పాను. ఆ పిల్లకు దయ్యం లేదు, చెవులకు రోగముంది, మందులు వాడుతున్నారు, తప్పు నాది. మొదటి ఇంట్లో మెల్లగా చెప్పాను. "గట్టిగ చెప్పు కొడుకా, గా దినం మంచిగనే ఇనవడ్డది," అంది ముసలామె.

ఒకచోట తలుపు తీసినవాళ్ళు విని మళ్ళీ వేసేసుకున్నారు. ఒకచోట ఇద్దరు ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. అరుగు మీద కూర్చున్న ఒక ముసలాయన అంతా విని, "మరి దయ్యం ఎవలకున్నది?" అన్నాడు.

"ఎవలకు లేదు తాత."

"లేకపోతె అంతసేపు ఎవల్ని తిట్టినవ్?"

చివరి ఇంట్లో ఒకామె అంతా విన్నాక, మా బర్రె పాలివ్వట్లేదు, దానికి ప్రార్థన చేసి పో అన్నా అని అడిగింది. పశువుల డాక్టరుకు చూపించమన్నాను. ఆమె చిన్నబుచ్చుకుంది. అందుకని, డాక్టరుకు చూపించండి, ప్రార్థన కూడా చేస్తాను అని, కొట్టం దగ్గర నిలబడి చిన్నగా ప్రార్థన చేశాను. ఆ బర్రె అటు తిరిగి మేత మేస్తూ ఉంది.

మర్నాడు ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేస్తే అందరూ సర్దుకుని కూర్చున్నారు. కోరుట్ల పిల్లకు దయ్యం లేదని, వినబడక అట్లా ఉండేదని, అది అమ్మగారు కనిపెట్టారని, నేను పిల్లను ఆకలితో ఉంచానని చెప్పాను. సిరిసిల్ల పెళ్ళిలో కల్లు ఎవరూ తాగించలేదని, నేనే అడిగి తాగానని కూడా చెప్పాను. కూర్చున్నాను. రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. ముందు వరుసలో ఒక పెద్దాయన ఇంకా ఉందేమోనని నా వైపు చూసి, "గంతేనా?" అని అడిగాడు. నా భార్య ఆడవాళ్ళ వైపు నుంచి, "గంతే," అన్నది.

ఆ తర్వాత ఒక్కసారిగా మంచివాణ్ణయిపోయానని చెప్పను. కోపం అట్లాగే ఉంది. మొన్న కూడా దుకాణంలో ఒకాయన మీద అరిచి, ఆయన వెళ్ళిపోయాక, వీణ్ణి ఎవడో పంపినట్టున్నాడే అన్న ఆలోచన గొంతు దాకా వచ్చింది. మింగేసి, ఫోన్ చేసి మాట్లాడాను. నాకది ఇంకా కొత్తగానే ఉంటుంది. తప్పు నాదని ఒప్పుకోవడం చిన్నతనం అనుకునేవాణ్ణి గానీ, ఒప్పుకున్నదాన్నే మానుకునే వీలుంటుందని ఆలస్యంగా తెలిసింది. వేరేవాడు చేసినదాన్ని నేనెట్లా మానుకుంటాను?

ఆ పిల్లకు సెలవుల్లో కరీంనగర్‌లో ఒక చెవికి ఆపరేషన్ జరిగింది. రెండో చెవి మందులతోనే కొంత నయమైంది. పూర్తిగా కాదు, కొంత. క్లాసులో ముందు బెంచీలో కూర్చోబెడుతున్నారు. కట్టు విప్పాక ఒకరోజు వాళ్ళమ్మతో కలిసి దుకాణానికి వచ్చింది. వాళ్ళమ్మ మిషన్ గురించి మాట్లాడుతుంటే, ఈ పిల్ల నావైపు చూసి నవ్వు ఆపుకుంటోంది.

"ఏంది బిడ్డా?" అన్నాను.

"గా దినం మీరు అంతసేపు ఏం చెప్పిన్రు?"

"నీకు ఏమీ ఇనవడలేదా?"

"లేదు. ఒట్టి చప్పుడే ఇనవడ్డది. మీసాలు మూస్కపోయినయి, పెదాలు గూడ సమజు కాలే. కోపమచ్చినట్టు అనిపిచ్చింది. నేనేం చేసిన్నో తెలువక గట్లనే సూసుకుంట కూసున్న."

"నువ్వేం చెయ్యలేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. రోడ్డు మీద మిర్చీ బండివాడు గరిటెతో మూకుడు మీద కొట్టాడు. ఆ పిల్ల తల అటు తిప్పి, వాళ్ళమ్మ కొంగు లాగింది.